తలుపు లేని చోట సర్వే

(క్షేత్ర పరిశోధకులకు, సమాజసేవ విద్యార్థులకు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు తిరుపతిలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

రాత్రి పదకొండున్నరకు తిరుపతి రైల్వే స్టేషన్ ముందు నిలబడితే ఏం కనిపిస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. దుప్పట్లు పరుచుకుని వరసలు వరసలుగా పడుకున్న జనం. గుండు చేయించుకున్న మగవాళ్ళు, పసిబిడ్డను పక్కలో వేసుకున్న తల్లులు, తల కింద సంచి పెట్టుకున్న ముసలివాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది స్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు. పొద్దున టోకెన్ కోసమో, తెల్లవారుజాము రైలు కోసమో ఆ రాత్రికి అక్కడ ఒరిగారు. వాళ్ళ మధ్యలోనే, అదే రకం దుప్పటి కింద, ఏళ్ళ తరబడి అక్కడే పడుకునే మనిషి ఉంటాడు. ఆయనకు తిరిగి పోవడానికి ఊరు లేదు, ఇల్లు లేదు. 'తిరుపతిలో ఇల్లు లేనివాళ్ళ ఆరోగ్యం ఎట్లుందో సర్వే చేయండి' అని పని అప్పజెప్పారనుకోండి. ఆ వరసలో మీరు ఎవరిని పలకరిస్తారు? ఎవరిని వదిలేస్తారు? అది దేన్ని బట్టి తేలుస్తారు?

ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. డేటా నాణ్యత అనగానే ఫారంలో ఖాళీలు లేకపోవడం, ఫోన్లో యాప్ ఎర్రగీత చూపించకపోవడం అనుకుంటాం. అవీ కావాలి. కానీ ఇల్లు, తలుపు, కార్డు ఉన్న జనాన్ని సర్వే చేసేటప్పుడు సరిపోయే జాగ్రత్తలు, ఇవేవీ లేని జనం దగ్గర సరిపోవు. అక్కడ తప్పు రెండు చోట్ల పుడుతుంది. మొదటిది, మన కంటికి ఆనకుండా ఎవరు తప్పిపోయారన్నది. రెండోది, కంటికి ఆనినవాళ్ళు మన ప్రశ్నను ఏమని విన్నారన్నది. మొదటి తప్పు శాంపిల్ పెంచితే పోదు. ఓటర్ల జాబితా పట్టుకుని వెయ్యి ఇళ్ళు తిరిగినా పదివేల ఇళ్ళు తిరిగినా, జాబితాలో పేరు లేని మనిషి రెండుసార్లూ లేనట్టే. పైగా పదివేలు అన్నాక అంకె మీద నమ్మకం పెరుగుతుంది. తప్పేమో అంతే ఉంటుంది.

అందుకని జాబితా దగ్గర మొదలుపెడదాం. మన చేతికి సులువుగా దొరికేవి ఓటర్ల జాబితా, రేషన్ కార్డుల వివరాలు, గ్రామ సచివాలయంలో ఉండే కుటుంబాల లెక్క, అంగన్‌వాడీ రిజిస్టరు. ప్రతి దానికీ ఒక కిటికీ ఉంటుంది, అందులోంచి కనిపించేవాళ్ళే అందులో ఉంటారు. ఓటర్ల జాబితాలో 18 నిండనివాళ్ళు లేరు, చిరునామా రుజువు లేనివాళ్ళు చాలావరకు ఉండరు. అంగన్‌వాడీ రిజిస్టరులో బాలింతలు, చిన్నపిల్లలు ఉంటారు కానీ పిల్లల్లేని ఒంటరి ముసలావిడ ఉండదు. ఏర్పేడు, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు చెరువు కట్టల కింద ఆరేడు గుడిసెలు వేసుకుని ఉండే యానాది గిరిజన కుటుంబాలు ఏ ఊరి లెక్కలోకి వస్తాయో ఆ ఊరివాళ్ళకే తేలదు. రెండు పంచాయతీల హద్దు మీద ఉంటే ఇద్దరూ 'మా కిందికి రారు' అంటారు.

కాబట్టి ఇంటర్వ్యూలు మొదలయ్యే ముందు కనీసం రెండు రోజులు నడకకే పెట్టుకోండి. ఫారం వద్దు, ట్యాబ్ వద్దు. కాగితం, పెన్సిలు, ఆ ఊరు తెలిసిన మనిషి ఒకరు. ఊరి చివర నుంచి మొదలుపెట్టి లోపలికి రండి. నడిబొడ్డున మొదలుపెడితే చివరికి చేరేసరికి కాళ్ళు అరిగి 'ఇక ఇంతే' అనిపిస్తుంది. టీ అంగడి, ఉపాధి పని మేట్, ఆటో స్టాండు, చౌకదుకాణం, అంగన్‌వాడీ ఆయా, ఈ ఐదుగురిని విడివిడిగా ఒకే మాట అడగండి: 'ఈ ఊర్లో అందరికన్నా చివర ఉండేది ఎవరు? వాళ్ళ తర్వాత ఇంకెవరైనా ఉండారా?' ఆ రెండో ప్రశ్నే ముఖ్యం. మొదటిదానికి ఎస్సీ కాలనీ పేరు చెప్తారు. రెండోసారి అడిగినప్పుడే 'ఆ తోటకాడ కాపలా ఉండే యానాదోళ్ళు ఉండారు గదా' అని వస్తుంది. ఐదుగురూ చెప్పిన చోట్లన్నీ పటంలో గుర్తుపెట్టి, ఒక్కరే చెప్పిన చోటికి ముందుగా పోండి. మిగతా నలుగురి కంట్లో పడని జనం అక్కడే ఉంటారు.

కుటుంబాన్ని లెక్కించేటప్పుడు మన జనగణన, జాతీయ నమూనా సర్వే రెండూ వాడే కొలత ఒకటే: ఒకే వంట తినేవాళ్ళు ఒక కుటుంబం. గుడిసెల్ని లెక్కపెట్టొద్దు, పొయ్యిల్ని లెక్కపెట్టండి. ఒక గుడిసెలో రెండు పొయ్యిలుండొచ్చు, మూడు గుడిసెలకు కలిపి బయట ఒకే మూడు రాళ్ళ పొయ్యి ఉండొచ్చు. ఇటుక బట్టీ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

బట్టీ అన్నాను కాబట్టి కాలం సంగతి చెప్పాలి. వానలు వెనకపట్టాక బట్టీలు మొదలవుతాయి, ఎండాకాలం దాకా నడుస్తాయి. ఆగస్టులో పోతే అక్కడ మనుషులుండరు. వాళ్ళ సొంత ఊర్లకు ఫిబ్రవరిలో పోతే అక్కడా ఉండరు. చిత్తూరు వైపు జూన్, జూలైల్లో తోతాపురి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని. ఆ రోజుల్లో కూలి కుటుంబాలు పొద్దుగూకే దాకా ఇంట్లో దొరకవు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వారం, పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) తమిళనాడు నుంచి యాత్రికులు పోటెత్తే శనివారాలు, ఈ రోజుల్లో ఊరి జనాభాయే వేరు. ఏ తేదీన సర్వే చేశారన్నది మీ నివేదికలో చిన్న అక్షరాల విషయం కాదు. ఆ తేదీని బట్టే ఎవరు తప్పిపోయారో తెలుస్తుంది.

ఇప్పుడు స్టేషన్ ముందు పడుకున్న మనిషి దగ్గరికి వద్దాం. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్ళను ఒకే రాత్రి, ఫిబ్రవరి 28 రాత్రి, లెక్కించారు. ఒకే రాత్రి ఎందుకంటే, ఈ రోజు బస్టాండులో పడుకున్న మనిషి రేపు కపిలతీర్థం దగ్గర పడుకుంటే రెండుసార్లు లెక్కకొస్తాడు. దేశం మొత్తం మీద 17.7 లక్షలమంది తేలారు. రోడ్డు పక్క, ప్లాట్‌ఫారం, వంతెన కింద, మెట్ల కింద, పెద్ద పైపుల్లో, గుడి మండపాల్లో ఉండేవాళ్ళు ఆ నిర్వచనంలోకి వస్తారు. గుడి మండపం అనే మాట తిరుపతిలో ఎంత చిక్కు తెస్తుందో ఆలోచించండి.

యాత్రికుణ్ణి, ఇల్లు లేని మనిషిని వేరు చేయడానికి 'మీకు ఇల్లుందా?' అని అడగకూడదు. ఇల్లు లేదని పది మంది మధ్యలో ఎవరూ ఒప్పుకోరు, తిండి పెడతారేమో అనుకున్నవాళ్ళు ఉన్నా లేదంటారు. 'నిన్న రాత్రి యాడ పడుకున్నారు? మొన్న? పోయిన శనివారం?' అని మూడు రాత్రులు అడగండి. మూడుసార్లూ ఇట్లాంటి చోట్లే చెప్తే తర్వాత 'వానొస్తే యాడికి పోతారు?' అని అడగండి. ఎన్ని రాత్రులుంటే ఇల్లు లేనట్టో ముందే రాసిపెట్టుకోవాలి, ప్రశ్నలడగడానికి పోయే ఎన్యూమరేటర్ల ఇష్టానికి వదిలిపెట్టొద్దు. ఒకరు బట్టలు చూసి, ఇంకొకరు గడ్డం చూసి తేల్చేస్తే అక్కడితో మీ సర్వే అయిపోయినట్టే.

ఇట్లా తిరిగే జనానికి వాడే పద్ధతి చోటు, సమయం కలిపి శాంపిల్ తీయడం. స్టేషన్, బస్టాండు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, అలిపిరి, కపిలతీర్థం, తిరుచానూరు, ఇట్లా 12 చోట్లు రాసుకున్నారనుకుందాం. వారానికి 7 రోజులు, రోజుకు 4 పూటలు. 12 ఇంటు 7 ఇంటు 4, 336 గడులు. ముందు వారం ఊరికే చూసి, మనకు కావలసినవాళ్ళు అసలు రాని గడుల్ని కొట్టేయండి. మిగిలినవాటిలోంచి చీటీ తీసినట్టు 40 ఎంచుకుని, ఆ చోటికి ఆ రోజు ఆ పూటే పోవాలి. తెల్లవారుజాము 4 గంటల గడి వచ్చిందని దాన్ని మధ్యాహ్నానికి మార్చుకున్నారంటే, మధ్యాహ్నం కనిపించని మనుషుల్ని మీరే తీసేసినట్టు. అక్కడ ఒకరు నిలబడి నొక్కుడు కౌంటరుతో అందర్నీ లెక్కిస్తారు, ఇంకొకరు ప్రతి అయిదో మనిషినో ప్రతి పదో మనిషినో పలకరిస్తారు. పలకరిస్తే వద్దన్నవాళ్ళను కూడా లెక్కలో రాయాలి: ఆడా మగా, సుమారు వయసు, ఏ గడి.

ఇంకొక ప్రశ్న తప్పనిసరి. 'పోయిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు ఈ చోట్లలో ఎక్కడో ఒకచోట ఉన్నారు?' ఏడు రోజులూ ఉన్న మనిషి మన వలలో పడే అవకాశం ఒక్క రోజే ఉన్న మనిషికన్నా సుమారు ఏడు రెట్లు. లెక్క కట్టేటప్పుడు ఆ మేరకు తగ్గించి చూడాలి. ఈ ఒక్క ప్రశ్న మరిచిపోయి వచ్చిన సర్వేని ఆఫీసులో కూర్చుని బాగుచేయడానికి దారి లేదు.

మొత్తం ఎంతమంది అని అడిగితే చేపల చెరువు లెక్క ఒకటుంది: కొన్ని చేపల్ని పట్టి గుర్తుపెట్టి వదిలి, మళ్ళీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం అంచనా కట్టడం. మొదటి రాత్రి దొరికిన 180 మందికి ఒక రంగు గుర్తుండే సబ్బుపెట్టె ఇచ్చారనుకోండి. వారం తర్వాత వేరే బృందం పోయి 150 మందిని కలిస్తే అందులో 60 మంది తమకు ఆ పెట్టె ఇచ్చారన్నారు. 181ని 151తో గుణించి 61తో భాగించి ఒకటి తీసేస్తే 447 వస్తుంది. చాప్‌మన్ సూత్రం ఇదే. కానీ ఆ వారంలో కొందరు ఊరు వదిలిపోయి, కొత్తవాళ్ళు వచ్చి ఉంటే 60 ఇంకా తక్కువగా కనిపించి మొత్తం ఉబ్బిపోతుంది. మొదటి రాత్రి పెట్టె తీసుకున్నవాళ్ళు 'మళ్ళీ ఏమన్నా ఇస్తారు' అని ముందుకొస్తే 60 పెరిగి మొత్తం కుంగిపోతుంది. తిరుపతి లాంటి ఊర్లో ఈ రెండూ జరుగుతాయి. అందుకే వారం కన్నా ఎక్కువ ఆగొద్దు, పండగ వారాన్ని మధ్యలో రానివ్వొద్దు, రెండో రాత్రి పోయేవాళ్ళ చేతుల్లో ఇచ్చే వస్తువేదీ కనిపించకూడదు.

ఫలానా చోట దొరుకుతారని చెప్పలేని జనం కూడా ఉంటారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు, హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళు. వీళ్ళను ఒకరి ద్వారా ఒకరిని కలుసుకోవాల్సిందే. ఈ గొలుసు పద్ధతికి లెక్కల పునాది వేసి 1997లో అమెరికా సమాజశాస్త్రవేత్త డగ్లస్ హెకథార్న్ కూపన్ల పద్ధతి తెచ్చాడు. ఆరు నుంచి పది మందితో మొదలుపెడతారు. ఒక్కొక్కరికి మూడే కూపన్లు. వాళ్ళు తమకు తెలిసినవాళ్ళకిస్తారు, వచ్చినవాళ్ళకు మళ్ళీ మూడు. మూడే ఎందుకంటే, పది ఇస్తే ఒకే గుంపు మొత్తం రెండు రోజుల్లో వచ్చి శాంపిల్ నిండిపోతుంది, గొలుసు పొడుగు సాగదు. గొలుసు ఎన్ని అంచెలు సాగితే మొదటి ఆరుగురి రంగు అంతగా వదులుతుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు చెప్తాను, ఎందుకంటే ఈ పద్ధతి పేరు చెప్పి ఎక్కువ డేటా పాడవుతోంది. మొదటి ఆరుగురిని ఒకే సంస్థ కార్యాలయానికి వచ్చేవాళ్ళలోంచి తీసుకుంటారు. ఆ సంస్థ గడప తొక్కని మనిషి చివరిదాకా రాదు. కూపన్‌కు ఇచ్చే డబ్బు మరీ ఎక్కువైతే కూపన్లు అమ్ముడుపోతాయి, ఆ జనంలో లేనివాళ్ళు ఉన్నామని వస్తారు. మరీ తక్కువైతే రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. బస్సు చార్జీ, ఆ రెండు గంటల కూలి, అంతకు మించొద్దు. తాము ఆ జనంలో ఉన్నారా లేదా అన్నది ఆ జనంలో ఉన్నవాళ్ళే చెప్పగల మూడు నాలుగు ప్రశ్నలతో తేల్చాలి. ఆ ప్రశ్నలు ఏవో కూపన్ మీద రాయకూడదు, హాల్లో గట్టిగా అడగకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న పరిచయాల సంఖ్య. 'మీకు ఎంతమంది తెలుసు?' అంటే 50, 100 అని గుండ్రంగా వస్తుంది. దాన్ని ముక్కలు చేయాలి. పేరుతో మీకు తెలిసినవాళ్ళు, మీ పేరు వాళ్ళకు తెలిసినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఈ జిల్లాలో ఉండేది ఎందరు? 18 దాటినవాళ్ళు ఎందరు? పోయిన నెల రోజుల్లో చూసింది ఎందరిని? చివరికి 100 అన్న మనిషి 14 దగ్గర ఆగుతాడు. ఆ 14 ఎందుకంత విలువైందంటే, 40 మందితో పరిచయమున్న మనిషికి కూపన్ అందే అవకాశం 5 మందితో పరిచయమున్న మనిషికన్నా ఎనిమిది రెట్లు. లెక్క కట్టేటప్పుడు మొదటివాళ్ళ మాటకు నలభైలో ఒక వంతు, రెండోవాళ్ళ మాటకు ఐదులో ఒక వంతు బరువు ఇస్తాం. ఎవరూ పలకరించని ఒంటరి మనిషి గొంతు అట్లా సరైన పాళ్ళలో వినిపిస్తుంది.

ఈ ఆలోచనలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. గూడూరులో బడికి పోయిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు, శాంపిల్లో పడే అవకాశాన్ని బట్టి బరువు కట్టే 'వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్స్' సిద్ధాంతాన్ని 1965లో ఒక రూపానికి తెచ్చారు. తరగతిలో పిల్లల్ని 'మీరెంతమంది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?' అని అడిగి సగటు తీస్తే, అది ఊర్లో కుటుంబాల సగటు కాదు. ఆరుగురు పిల్లలున్న ఇంటి నుంచి మన ప్రశ్న ఎవరో ఒకరికి తగిలే అవకాశం ఎక్కువ, పిల్లల్లేని ఇల్లు అసలు తగలదు. వల ఏ చేపల్ని ఎక్కువ పడుతుందో తెలిస్తే పడిన చేపల్ని చూసి చెరువు గురించి చెప్పొచ్చు. ఆయన గురించి గర్వంగా చెప్పుకుంటాం, మంచిదే. ఆయన చెప్పింది మన ఫారంలో ఒక ప్రశ్నగా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక రెండో తప్పు. దొరికిన మనిషి ఏం విన్నాడు?

ఇటుక బట్టీలో 'మీకు అప్పు ఉందా?' అని అడిగితే 'లేదు సామీ' అంటారు. అబద్ధం కాదు. వాళ్ళ మాటల్లో అప్పు అంటే వడ్డీకి తెచ్చింది. యజమాని సీజను ముందు చేతిలో పెట్టింది అప్పు కాదు, 'అడ్వాన్సు'. 'పనికి రాకముందు అడ్వాన్సు ఎంత తీసుకున్నారు? ఇప్పటిదాకా ఎంత తీరింది? తీరకుండా వేరే బట్టీకి పోవచ్చా?' అని మూడుగా అడిగితే అప్పుడు బయటికొస్తుంది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద దీని అర్థం చాలా పెద్దది, కాబట్టి ఒక్క మాట తేడాతో వెట్టి లేదని రాసుకొచ్చిన సర్వే మనుషులకు కీడు చేస్తుంది. మేస్త్రీ పక్కన నిలబడి ఉండగా ఈ ప్రశ్నలు అడగనే కూడదు. ఇద్దరు పోండి. ఒకరు మేస్త్రీతో ఇటుకల లెక్క, బొగ్గు ధర మాట్లాడుతూ ఉంటే ఇంకొకరు పొయ్యి దగ్గర ఆడవాళ్ళతో మాట్లాడతారు. ఎవరు వింటుండగా మాట్లాడారన్నది ప్రతి ఫారం చివర ఒక గడిలో రాయాలి: ఎవరూ లేరు, భర్త, అత్త, మేస్త్రీ, పిల్లలు.

భాష. కుప్పంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం ఉంటాయి. నగరి, సత్యవేడులో ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. పలమనేరులో ఉర్దూ ఇళ్ళు. బస్టాండులో పూసలు, పిన్నీసులు అమ్మే నక్కలవాళ్ళు ఇంట్లో మాట్లాడేది వాగ్రీ బోలి. 'తెలుగు అర్థమవుతుంది గదా' అని సరిపెట్టుకోవద్దు. అంగట్లో బేరానికి చాలిన తెలుగు, కడుపులో బిడ్డ పోయిన సంగతి చెప్పడానికి చాలదు. ప్రశ్నల్ని ఆ భాషలోకి ఒకరు మార్చాలి, మూలం చూడని ఇంకొకరు తిరిగి తెలుగులోకి తేవాలి, రెండు తెలుగుల్నీ పక్కపక్కన పెట్టి తేడా చూడాలి. బడికి పోయే కొడుకుని దుబాసీగా కూర్చోబెట్టి తల్లి ఆరోగ్యం అడగడం మాత్రం ఎప్పుడూ వద్దు.

వయసు. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని జనం 30, 35, 40 అంటారు. దీన్ని కొలవడానికి విపుల్ (Whipple) సూచీ ఉంది. 23 నుంచి 62 ఏళ్ళ మధ్యవాళ్ళను తీసుకుని, సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసులు ఎన్నున్నాయో చూస్తారు. 200 మంది ఉంటే ఐదో వంతు, అంటే 40 ఉండాలి. 90 ఉంటే, 90ని 40తో భాగించి నూరుతో గుణిస్తే సూచీ 225. ఐక్యరాజ్యసమితి కొలతలో 175 దాటితే చాలా మోటు లెక్క కింద వస్తుంది. మందు ఏమిటంటే ఊరి గుర్తుల క్యాలెండరు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల 2010 మే 26న రాజగోపురం కూలిన రోజు మరిచిపోయినవాళ్ళు లేరు. 'గోపురం పడినప్పుడు ఈ పిల్ల పుట్టిందా? నడుస్తా ఉందా? బడికి పోతా ఉందా?' అని అడగండి. పులికాట్ ఒడ్డున 2004 డిసెంబరు సునామీ. రామచంద్రాపురం వైపు 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్ళు ఖాళీ చేయించిన వారం. పెద్దవాళ్ళకు 1983లో రామారావు గెలిచిన ఏడాది, 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ చనిపోయిన రోజు. 'అప్పటికి నీకు పెండ్లయిందా అమ్మా?' అంటే ఠక్కున చెప్తారు. ప్రతి మండలానికి పదిహేను గుర్తులతో ఒక పేజీ తయారుచేసుకుని ఫారానికి కుట్టండి.

'మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?' అన్నది ఇంకొక చెడ్డ ప్రశ్న. సర్టిఫికెట్ ఉంటేనే వికలాంగుడు అనుకుని లేదంటారు, పెండ్లికాని ఆడపిల్ల ఉంటే తెలిసీ లేదంటారు, ముసలాయనకు చూపు లేకపోతే 'వయసు గదా' అంటారు. వైకల్యాన్ని లెక్కించే తీరు కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలు ఆరింటిలో వికలాంగులు అన్న మాటే రాదు. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టమా? వినడం? నడవడం, మెట్లెక్కడం? గుర్తుపెట్టుకోవడం? ఒళ్ళు కడుక్కోవడం, బట్టలు కట్టుకోవడం? తన భాషలో చెప్పింది ఎదుటివాళ్ళకు అర్థమవడం? జవాబులు నాలుగు: ఏ కష్టమూ లేదు, కొంచెం, చాలా, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా 'చాలా' లేదా 'చేయలేను' అంటే లెక్కలోకి వస్తారు. నాలుగు జవాబులూ చదివి వినిపించాలి. ఎన్యూమరేటర్లు తొందరలో 'కష్టమేమీ లేదు గదా?' అని అడిగేస్తారు, అది ప్రశ్న కాదు, జవాబు చేతికివ్వడం. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఈ ఆరు ప్రశ్నలు పనికిరావు, వేరే ప్రశ్నావళి ఉంది.

చెప్పుకోలేని విషయాలకు స్టాన్లీ వార్నర్ 1965లో ఒక ఉపాయం చూపించాడు. ఇప్పుడు తేలికగా వాడే రకం చెప్తాను. మనిషి చేతికి పాచిక ఇస్తాం. మనకు కనపడకుండా వేసుకుంటారు. ఒకటి పడితే నిజం ఏదైనా 'అవును' అనాలి, ఆరు పడితే 'కాదు' అనాలి, రెండు నుంచి ఐదు పడితే నిజం చెప్పాలి. 'అవును' అన్న మనిషిది నిజమో పాచికో మనకు తెలియదు, పోలీసుకూ తెలియదు. 300 మందిలో 90 మంది అవునన్నారనుకోండి. అందులో 50 పాచిక చెప్పించినవి. మిగిలిన 40, నిజం చెప్పాల్సిన 200 మందిలోనివి. అంటే నూటికి 20. దీనికి మనం చెల్లించే ధర తెలుసుకోండి: ఈ 300 మందితో వచ్చే కచ్చితత్వం 100 మంది నేరుగా నిజం చెప్తే వచ్చేదానితో సమానం. అందుకని ఫారమంతా పాచికతో నింపొద్దు, నిజంగా భయం ఉన్న ఒకటి రెండు ప్రశ్నలకే. ముందు 'మీరు ఈ రోజు అన్నం తిన్నారా' లాంటి మామూలు ప్రశ్నతో రెండుసార్లు ఆడించి, అర్థమైందో లేదో చూడండి.

ఎన్యూమరేటర్ల గురించి ఒక లెక్క. ఒకే మనిషి చేసిన ఇంటర్వ్యూలు ఒకదానికొకటి కొంచెం పోలికగా ఉంటాయి, అడిగే తీరు ఒకటే గనక. ఆ పోలిక 0.02 అనుకోండి, చాలా చిన్నది. 16 మంది తలా 50 ఇంటర్వ్యూలు చేస్తే 800. 50లో ఒకటి తీసేసి, 49ని 0.02తో గుణించి ఒకటి కలిపితే 1.98. 800ని దీనితో భాగిస్తే, మీ 800 సుమారు 400తో సమానం. అదే 32 మంది తలా 25 చేస్తే 1.48, మీ 800 సుమారు 540తో సమానం. 'బాగా చేసే నలుగురితోనే మొత్తం చేయిద్దాం' అనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు బెంగాల్ పంట సర్వేలప్పుడే దీనికి దారి చూపారు: ఒకే ప్రాంతం శాంపిల్‌ను రెండుగా చీల్చి, రెండు బృందాలకు విడివిడిగా ఇవ్వడం. రెండు జవాబులూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే జనంలో తేడా కాదు, బృందంలో తేడా.

రోజూ సాయంత్రం సూపర్‌వైజర్ చూడాల్సినవి. నలభై నిమిషాల ఫారం పన్నెండు నిమిషాల్లో ముగిసిందా? 'అవును' అంటే ఇంకో పది ప్రశ్నలు తెరుచుకునే చోట, ఒకే ఎన్యూమరేటర్ దగ్గర అందరూ 'కాదు' అంటున్నారా? మొదటి వారం అవునన్నవాళ్ళు నూటికి 30 ఉండి మూడో వారానికి 8కి దిగితే జనం మారలేదు, ఎన్యూమరేటర్ అలిసిపోయి దారి కనిపెట్టాడు. పదింటిలో ఒక ఇంటర్వ్యూకి వేరే మనిషి తిరిగి పోయి మారని ప్రశ్నలు ఐదు మళ్ళీ అడగాలి: పిల్లలెంతమంది, సొంత ఊరేది లాంటివి. ఆ ఇంటర్వ్యూల్ని సూపర్‌వైజర్ ఎంచాలి, ఎన్యూమరేటర్ కాదు. తప్పు దొరికితే కూలి కోసే ముందు కారణం అడగండి. రోజుకు ఎనిమిది చేయాలని మనమే లక్ష్యం పెట్టి ఉంటే, దొంగ ఫారం రాయించింది మనమే. దూరపు గుడిసెలున్న చోట రోజుకు మూడు, నాలుగు చాలు. ఇంటర్వ్యూకి ఇంతని కాకుండా రోజుకు ఇంతని కూలి ఇవ్వండి.

జీపీఎస్ గురించి. ఎన్యూమరేటర్ నిజంగా అక్కడికి పోయాడా అని చూడటానికి అది మంచి సాధనం. కానీ హెచ్ఐవీతో ఉన్న మనిషి ఇంటి గుర్తు ఫైల్లో ఉండటం ప్రమాదం, 2017 హెచ్ఐవీ చట్టం ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది. తనిఖీ అయ్యాక గుర్తును ఊరి స్థాయికి మార్చి అసలుది చెరిపేయండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, జవాబులు ఇంకొక ఫైల్లో, రెండింటినీ కలిపే అంకెల జాబితా ఒకే ఒక్కరి దగ్గర. ఫోన్లో వాట్సాప్ గ్రూపులో ఫారం ఫోటో పెట్టడం ఈ రోజు నుంచే మానేయండి. సమ్మతి అడిగేటప్పుడు 'చెప్తే పథకం వస్తుంది' అనిపించే మాట ఒక్కటి కూడా రాకూడదు. 'ఇది చెప్పినా చెప్పకపోయినా మీ రేషన్ మారదు, పింఛను మారదు, మధ్యలో ఆపేయమంటే ఆపేస్తాం' అని తెలుగులో, తమిళంలో, ఉర్దూలో ఒకే తీరుగా చెప్పడం నేర్చుకోవాలి. పింఛను ఆశతో చెప్పిన వయసు, పింఛను పోతుందన్న భయంతో చెప్పిన ఆదాయం, రెండూ మనకు పనికిరావు.

చివరిగా, మీ నివేదికలో మొదటి పట్టిక తప్పిపోయినవాళ్ళది కావాలి. ఎన్ని చోట్లు గుర్తించారు, ఎన్నింటికి పోలేకపోయారు, ఎంతమందిని పలకరించారు, ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది మూడుసార్లు పోయినా దొరకలేదు. మూడుసార్లు అంటే మూడు వేర్వేరు పూటల్లో: పొద్దున ఆరుకు ఒకసారి, సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి, ఆదివారం ఒకసారి. మూడు రోజులూ పదకొండు గంటలకే పోయి 'తాళం వేసి ఉంది' అని రాస్తే ఒకసారి పోయినట్టే లెక్క.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదుగురు చొప్పున విడిపోదాం. ఒక బృందం స్టేషన్ చుట్టూ, ఒకటి బస్టాండు, ఒకటి గోవిందరాజస్వామి గుడి వీధులు, ఒకటి అలిపిరి, ఒకటి కపిలతీర్థం. ఫోన్లు ఇక్కడే పెట్టి కాగితం, పెన్సిలు మాత్రం తీసుకోండి. ఎవరినీ ఏ ప్రశ్నా అడగొద్దు, ఫోటోలు తీయొద్దు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ పూట ఎక్కడ నీడ ఉంటుంది, నీళ్ళ కుళాయి ఎక్కడుంది, ఏ అంగడి ముందు ఎవరినీ కూర్చోనివ్వరు, ఇవి గీసుకుని ఐదింటికి రండి. ఆ పటాల మీదే పూటల గడులు వేద్దాం.